డిస్‌ప్లే రాలేదక్కా!

తొమ్మిదింటికి షట్టరు ఎత్తడం, గోడ మీది దేవుడి పటానికి అగరొత్తి చూపించడం, ఆ చేత్తోనే సిస్టమ్ ఆన్ చేయడం... ఆమెకు ఏళ్ల తరబడి అలవాటు. నవంబరు నెలలో ముసురు పట్టిన ఆ రోజు కూడా అంతే చేసింది. డబ్బాలో ఫ్యాను తిరిగిన చప్పుడు వినిపించింది. మానిటర్ మూల చిన్న లైటు వెలిగింది. తెర మీద మాత్రం ఏమీ లేదు. నలుపు. ఒట్టి నలుపు!

తిరుపతి జిల్లా సత్యవేడులో ఆమెది ఓ చిన్న జిరాక్స్ షాపు. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మిషను, లామినేషన్ చేసే పెట్టె. ఊళ్లో అందరికీ ఆమె ‘జిరాక్స్ అక్క’. శ్రీసిటీలో ఉద్యోగాలకు బయోడేటాలు టైపు చేయించుకునే కుర్రాళ్లు, పొలం కాగితాలు తీసుకునే రైతులు, పరీక్ష ఫీజులు కట్టే పిల్లలు అందరూ ఆ బల్ల ముందు నిలబడాల్సిందే.

ఆ రోజు అప్పటికే ఓ అమ్మాయి వచ్చి కూర్చుంది. పక్క పల్లె నుంచి తొలి బస్సుకే దిగింది. ఉద్యోగ దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. ముందురోజు సాయంత్రం ఫొటో, సంతకం, సర్టిఫికెట్లు అన్నీ స్కాన్ చేసి, సైజులు తగ్గించి, అదే కంప్యూటర్లో దాచారు. రాత్రి వెబ్‌సైటు మొరాయించడంతో డబ్బు కట్టడం ఒక్కటి మిగిలిపోయింది. ఒరిజినల్స్ ఇంట్లో పెట్టి వచ్చింది. వాటి కోసం మళ్లీ పల్లెకు వెళ్లి రావాలంటే బస్సులను నమ్ముకోవాలి.

‘‘డిస్‌ప్లే రాలేదా అక్కా?’’ అంది ఆ అమ్మాయి.

అక్క గుండె జారిపోయింది. అయితే ఆ దరఖాస్తు ఒక్కదాని కోసమే కాదు. ఈ మాట ఆమె ఇంతకు ముందు కూడా ఒకసారి విని ఉంది.

మూడేళ్ల కిందటి సంగతి. అప్పట్లో షాపు చూసుకునేది ఆమె భర్తే. డబ్బా విప్పడం, తుడవడం, వైరు మార్చడం అన్నీ ఆయనే. ఆయన పోయిన రెండు నెలలకు కంప్యూటర్ ఇలాగే మొండికేసింది. ఏం చేయాలో తోచక డబ్బాను ఆటోలో పెట్టించి పెద్ద ఊళ్లోని ఓ రిపేరు షాపుకు పంపింది. నాలుగు రోజుల తరవాత డబ్బా తిరిగొచ్చింది. నాలుగున్నర వేలు బిల్లు. తెర మీద బొమ్మ కూడా వచ్చింది. కొత్త ఇంట్లోకి వెళ్లినట్టు అంతా ఖాళీగా, శుభ్రంగా ఉంది. ‘‘ఫార్మాట్ చేసినాము మా’’ అన్నారు ఫోన్లో. పదేళ్ల పాటు ఆయన కూర్చి పెట్టిన పెళ్లిపత్రికల డిజైన్లు, పిల్లాడి పుట్టినరోజు ఫొటోలు, తిరుమల మెట్ల మీద ఇద్దరూ దిగిన ఫొటో... ఏదీ లేదు. గోడకు తగిలించిన పటం కోసం ముందే ప్రింటు తీయించిన ఒక్క బొమ్మ మాత్రం మిగిలింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. బొమ్మ రాకపోతే ఫార్మాట్ చేయడమంటే, కుళాయి పట్టేసిందని బావి పూడ్చేయడమే. కంప్యూటర్ ఆన్ కాగానే తెర మీద కంపెనీ పేరో, నాలుగు అక్షరాలో కనిపిస్తాయి చూడండి... అవి రావడానికి విండోస్‌తో పనే లేదు. హార్డ్ డిస్కు పూర్తిగా తీసేసినా అవి వస్తాయి. అవి కూడా కనిపించడం లేదంటే తప్పు వేరే చోట ఉందన్నమాట. డిస్కు మీద రాసి ఉన్నవాటిని తుడిచేసినంత మాత్రాన ఆ తప్పు పోదు. ఆ రోజు షాపువాళ్లు నిజంగా బాగు చేసింది ఏమిటో, ఫార్మాట్ ఎందుకు చేశారో ఆమె అడగలేదు. అడగాలని అప్పట్లో తెలియదు.

అందుకే ఈసారి ఆటోను పిలవలేదు. కొడుక్కి ఫోన్ చేసింది.

డిప్లొమా చదివిన ఆ అబ్బాయి శ్రీసిటీలో ఓ కంపెనీలో పనిచేస్తున్నాడు. రాత్రి షిఫ్టు దిగి కంపెనీ బస్సులో కునుకు తీస్తున్నాడు. అమ్మ గొంతు వినగానే నిద్ర ఎగిరిపోయింది. ‘‘డబ్బా ఎవురికీ ఇయ్యద్దు మా. నేను చెప్పినట్టు చెయ్యి. ముందు మానిటర్ ఒక్కటి ఆపి, మళ్లీ వెయ్యి. తెర మీద ఏమన్నా కనబడతా ఉండాదా?’’

కనబడింది. రెండే రెండు క్షణాలు... ‘నో సిగ్నల్’ అని చిన్న పెట్టె మెరిసి మాయమైంది. లైటు నీలం నుంచి నారింజ రంగులోకి మారింది.

‘‘అయితే మానిటర్ బాగుండాది మా!’’

ఆమెకు అర్థం కాలేదు. బాగుంటే బొమ్మ రావాలి కదా?

అక్కడే చాలామంది పొరబడతారు. సత్యవేడు వాళ్లకైతే ఈ సంగతి చెప్పడం సులువు. కండలేరు జలాశయం నుంచి తమిళనాడులోని పూండికి తెలుగుగంగ కాలువ వెళ్లేది ఈ చుట్టుపక్కల నుంచే. ఊత్తుకోట దగ్గర అది రాష్ట్రం దాటుతుంది. పూండిలో నీళ్లు కనిపించలేదనుకోండి, తప్పు పూండిదేనా? కండలేరులో తూము ఎత్తకపోయి ఉండొచ్చు, దారిలో కాలువకు గండి పడి ఉండొచ్చు. 1996లో నీళ్లు తొలిసారి సరిహద్దు చేరాక కూడా ఏళ్ల తరబడి మద్రాసుకు సరిగా అందలేదు. దారిలో ఇంకిపోయేవి. 2000 తరవాత సత్యసాయి ట్రస్టు కాలువను బాగు చేయించాకే ఆ నష్టం తగ్గింది. అప్పుడు ప్రధానంగా మరమ్మతు చేసింది దారినే. కంప్యూటర్లో డబ్బా కండలేరు, కేబులు కాలువ, మానిటర్ పూండి. ‘నో సిగ్నల్’ అని చూపించడమంటే ‘నేను మేలుకునే ఉన్నాను, పైనుంచి నీళ్లు రావడం లేదు’ అని పూండి చెప్పడమే!

కాబట్టి రెండోది కాలువ. ‘‘కేబులు రెండు కొసలూ పీకి, మళ్లీ పెట్టు మా. మరలు బిగించు.’’

ఆమె బల్ల కిందికి దూరింది. నీలం రంగు తలతో, మూడు వరసల్లో పదిహేను పిన్నులుండే కేబులది. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ పద్ధతి. ఇప్పుడు హెచ్‌డీఎంఐలు, డిస్‌ప్లేపోర్టులు వచ్చినా చిన్న ఊళ్ల జిరాక్స్ షాపుల్లో నీలం తల ఇంకా బతికే ఉంది. దీని గురించి ఓ తమాషా సంగతి ఉంది. అందులో ఎరుపుకి ఒకటి, ఆకుపచ్చకి ఒకటి, నీలానికి ఒకటి వేర్వేరు పిన్నులు. ఎప్పుడైనా తెరంతా పసుపు పులిమినట్టు కనిపిస్తే నీలం పిన్ను వంగిందనో, కేబులు వదులైందనో అనుమానించాలి. ఎరుపు పోతే అంతా నీలాకుపచ్చ. ఆకుపచ్చ పోతే గులాబీ. వేలు పెట్టి కాస్త గట్టిగా నొక్కితే పోయే జబ్బుకు కొత్త మానిటర్ కొన్న ఇళ్లు ఉన్నాయంటే నమ్మండి. డబ్బాలో విడిగా గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నవాళ్లకు ఇంకో చిక్కు. తుడిచి పెట్టేటప్పుడు కేబుల్ను అలవాటుగా పాత రంధ్రంలో గుచ్చేస్తారు. బొమ్మేమో కొత్త కార్డు రంధ్రంలోంచి వస్తుంటుంది. అక్కడ ఎవరూ లేరు!

ఎలుకలు కూడా కొరకలేదు. పిన్నులు వంగలేదు. కేబులు బిగించినా తెర నల్లగానే ఉంది.

ఆ అమ్మాయి గడియారం చూసింది. పదిన్నర. ‘‘వేరే షాపులో చూద్దునా అక్కా?’’ అంది మొహమాటంగా. చూడొచ్చు. కానీ ఫైళ్లన్నీ ఈ డబ్బాలోనే ఉన్నాయి. అక్కకు ఏం చెప్పాలో తెలియలేదు.

‘‘కీబోర్డులో నమ్‌లాక్ నొక్కు మా. దాని లైటు ఆరి, వెలగతా ఉండాదా?’’

పైసా ఖర్చులేని పరీక్ష ఇది. తెర చీకటిగా ఉన్నా లోపల కంప్యూటర్ నడుస్తుంటే, నమ్‌లాక్ నొక్కినప్పుడల్లా కీబోర్డు మీది లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మామూలుగా వచ్చే స్వాగత ధ్వని కూడా స్పీకర్లో వినిపించొచ్చు. అలా ఉంటే లోపలంతా క్షేమమే. బొమ్మ దారి మాత్రమే తప్పింది. విండోస్, పి బొత్తాలు కలిపి నొక్కి చూడాలి. రెండో తెరకే బొమ్మ పంపమని ఎవరో పొరపాటున మార్చి ఉండొచ్చు. విండోస్ 10, 11ల్లో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ ఒకేసారి నొక్కితే బొమ్మ గీసే డ్రైవర్ ఓసారి నిద్రలేచి మొహం కడుక్కుంటుంది.

లైటు ఆరలేదు. వెలిగింది వెలిగినట్టే ఉంది. అంటే లోపల కంప్యూటర్ అసలు లేవనే లేదు. ఫ్యాను తిరుగుతోంది, అంతే.

బస్సులో ఆ అబ్బాయి ఓ నిమిషం మాట్లాడలేదు. ‘‘డబ్బా విప్పాల్సిందే మా’’ అన్నాడు.

భర్త విప్పుతుంటే ఎన్నోసార్లు చూసింది. తాను ఏనాడూ స్క్రూడ్రైవర్ పట్టలేదు. ‘‘షాకు కొడితేనో?’’

‘‘స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకెయ్యి. పీకినాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో, మిగిలిన కరెంటు పోతుంది. రేకు మీద చెయ్యి పెట్టి, ఆ తరవాత లోపల ముట్టుకో.’’

రేకు ముట్టుకోమన్నది మన ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి. అది మనకు తెలియకుండానే సున్నితమైన చిప్‌లను మాడ్చేయగలదు. అన్నట్టు డబ్బా విప్పొచ్చు గానీ, దాని లోపలి కరెంటు పెట్టె... అదే ఎస్ఎంపీఎస్... దాన్ని మాత్రం ఇంట్లో విప్పకూడదు. ఇంకా ఏ అటకమీదైనా పాత డబ్బా మానిటర్ ఉంటే దాని వెనక మూత అసలే ముట్టుకోవద్దు. 1897లో జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన గొట్టానికి అది మునిమనవడు. బొమ్మ గీయడానికి వేల వోల్టులు వాడుకుంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా ఆ దెబ్బ లోపల పొంచి ఉండొచ్చు. ఆ కాలంలో అక్క భర్తకు అదో వింత అనుభవం. తెర మూలలో ఊదారంగు మచ్చ పడితే మానిటర్ పోయిందని దిగులుపడ్డాడట. తీరా చూస్తే పక్కన పెట్టిన స్పీకర్లోని అయస్కాంతం చేసిన పని!

మూత ఊడింది. లోపల రెండేళ్ల దుమ్ము. ఆ మధ్యలో వేలెడు పొడవున ఆకుపచ్చ పలక ఒకటి నిలబడి ఉంది. అదే ర్యామ్.

బొమ్మకూ ర్యామ్‌కూ సంబంధం ఏమిటంటారా? పవర్ నొక్కగానే కంప్యూటర్ తనను తాను పరీక్షించుకుంటుంది. ప్రాసెసర్ ఉందా, ర్యామ్ ఉందా, బొమ్మ చూపించే దారి ఉందా అని వరసగా హాజరు తీసుకుంటుంది. ర్యామ్ ‘ప్రెజెంట్’ అనకపోతే మాస్టారు అక్కడే ఆగిపోతారు. బొమ్మ దాకా రారు. కొన్ని డబ్బాలు కీచుమని అరిచి ఆ సంగతి చెబుతాయి. ఎన్నిసార్లు అరిస్తే ఏమిటన్నది మదర్‌బోర్డును బట్టి మారుతుంది. అరిచే బుల్లి స్పీకర్ లేని డబ్బాలే ఇప్పుడు ఎక్కువ. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం కనిపించేది ఒక్కటే... నల్లటి తెర. అందుకే ‘డిస్‌ప్లే పోయింది’ అని మెకానిక్ దగ్గరికి వచ్చే కేసుల్లో డిస్‌ప్లే తప్పులేనివి బోలెడు.

ర్యామ్ అడుగున బంగారు రంగులో సన్నటి పట్టీలు వరసగా ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల్లో తడిగాలి, దానికి తోడు జిరాక్స్ షాపు కాగితం దుమ్ము. నెలల తరబడి ఆ పట్టీల మీద కంటికి కనిపించని మసక పేరుకుంటుంది. కరెంటు సరిగా ఆనదు. చెవులు రెండు పక్కలకీ వంచి పలకను బయటకు తీయాలి. పట్టీల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రాలిన పొడి పూర్తిగా దులిపేయాలి. మన మెకానిక్కులు చాలాకాలంగా చేస్తున్న వైద్యం ఇదే. ఇంకా జాగ్రత్తపరులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు. సత్యవేడు షాపులో ఆ ఆల్కహాల్ ఎక్కణ్నుంచి వస్తుంది? దరఖాస్తు అమ్మాయి సంచిలో రబ్బరు మాత్రం ఉంది!

ఆమే పట్టుకుని ఫోన్‌లో టార్చి వేసింది. అక్క రుద్దింది. పలకను గాడిలో పెట్టి నొక్కింది. ప్లగ్గు పెట్టి పవర్ నొక్కింది.

నలుపే!

‘‘అయిపోయింది నాయనా... మళ్లీ అదే గతి’’ అంది అక్క. ఆమె కళ్ల ముందు పాత బిల్లు కాదు, ఖాళీ తెర కనిపించింది. ఈ మూడేళ్లలో మళ్లీ పోగైన పత్రికలు, ఊరివాళ్ల కాగితాలు... బంధువుల ఫోన్ల నుంచి ఒక్కొక్కటిగా అడిగి తెచ్చుకున్న భర్త ఫొటోలు నూటికి పైగా అందులోనే ఉన్నాయి.

‘‘పెట్టేటప్పుడు టిక్కుమని శబ్దం వచ్చిందా మా? రెండు పక్కలా రావాల.’’

ఒక పక్కే వచ్చింది. రెండోసారి ప్లగ్గు పీకి, బొటనవేళ్లు రెండు కొసల మీద ఆనించి నొక్కింది. విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా. టిక్... టిక్.

ఈసారి ఫ్యాను ఓసారి పెద్దగా ఊపిరి తీసుకుని నెమ్మదించింది. తెర మీద కంపెనీ పేరు పడింది. వెనకాలే గుండ్రంగా తిరిగే చుక్కలు వచ్చాయి. ఆ తరవాత, డెస్క్‌టాప్ మీద ఆయన ఫొటో.

పదకొండూ ఇరవైకి ఫీజు కట్టారు. రసీదు ప్రింటు తీసి ఇచ్చాక అక్క డబ్బులు తీసుకోలేదు. రబ్బరు ఆ అమ్మాయిదే కదా! ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. పరీక్ష రాసింది.

ప్రతిసారీ కథ ఇంత సులువుగా ముగుస్తుందని కాదు. మదర్‌బోర్డు నిజంగానే పోవచ్చు. వోల్టేజీ దెబ్బకు కరెంటు పెట్టె చచ్చిపోవచ్చు. మానిటర్ కూడా ముసలిదవుతుంది. తెర నల్లగా ఉన్నా ఏటవాలుగా టార్చి వేస్తే లోపల బొమ్మ మసగ్గా కనిపిస్తోందా? అయితే వెనక వెలుగిచ్చే దీపాలో, వాటికి కరెంటిచ్చే భాగమో పోయిందన్నమాట. తెర మీద నిలువు గీతలు పడితే మానిటర్ బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరవాలి. మెనూ మీద కూడా గీతలుంటే జబ్బు మానిటర్‌దే. మెనూ శుభ్రంగా ఉంటే కేబులునో, డబ్బానో చూడాలి. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో చూసినా తెలిసిపోతుంది. అందులో గీతలు పడ్డాయంటే పాపం గ్రాఫిక్స్‌ది. బొమ్మ సైజులు మార్చబోయి తెర నల్లబడిందంటే కంగారుపడి ఏ బటనూ నొక్కొద్దు. పదిహేను సెకన్లు చేతులు కట్టుకుంటే విండోస్ తనంతట తానే వెనక్కి వచ్చేస్తుంది. ఈ పదిహేను సెకన్ల ఓపిక లేకే చాలామంది మెకానిక్‌ను పిలిచేది!

మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా సరే, డిస్కు విప్పి ఇంట్లో దాచుకుని మిగతా డబ్బాను ఇవ్వొచ్చు. బొమ్మ వస్తుందో లేదో చూడటానికి డిస్కు అక్కర్లేదు. ఇది తెలిసి ఉంటే అక్కకు ఆ పదేళ్లూ మిగిలేవి.

ఆ సాయంత్రం కొడుకు నిద్రలేచి వచ్చి పోర్టబుల్ హార్డ్ డిస్కు ఒకటి బల్ల మీద పెట్టాడు. కాపీ పూర్తయ్యేసరికి రాత్రి తొమ్మిదైంది. షట్టరు సగం దించి ఇద్దరూ తెర మీద కదిలే ఆకుపచ్చ గీతనే చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడా డిస్కు షాపులో ఉండదు. ఇంట్లో బీరువాలో, చీరల మధ్యన ఉంటుంది. ప్రతి ఆదివారం బయటకు వస్తుంది.

డ్రాయర్లో స్టేప్లర్ పక్కన ఒక పెన్సిల్ రబ్బరు, ఒక స్క్రూడ్రైవర్ చేరాయి. ఈమధ్య ఓ రోజు ఎవరో కుర్రాడు ఇంటి నుంచి ఫోన్ చేశాడు, ‘‘డిస్‌ప్లే రాలేదక్కా!’’ అంటూ. జిరాక్స్ తీస్తున్న కాగితం ఆపకుండానే ఆమె అడిగింది...

‘‘నమ్‌లాక్ నొక్కితే లైటు ఆరతా ఉండాదా?’’